పాత ఫిషింగ్ రీల్‌కి కొత్త స్క్రూ: ఏది సరిపోతుంది, ఏది రీల్‌నే పాడుచేస్తుంది

పాత ఫిషింగ్ రీల్‌ని బాగుచేద్దామని కూర్చున్నవాళ్లను గేర్లు పెద్దగా ఇబ్బంది పెట్టవు. గ్రీజు ఎండిపోయి ఉంటుంది, కడిగి కొత్తది రాస్తే తిరుగుతాయి. పని ఆగిపోయేది స్క్రూ దగ్గరే. సైడ్ ప్లేటు అంచున ఆరు ఉండాల్సిన చోట ఐదే ఉంటాయి. ఆరోది ఉన్నా అది ఇంకెక్కడిదో, పాత యజమాని బలవంతంగా దూర్చినది. లేదా హ్యాండిల్ నట్టు తిరిగిపోకుండా పట్టి ఉంచే గోరంత స్క్రూ ఎప్పుడో నీళ్లపాలై ఉంటుంది.

ఇక్కడినుంచి దారులు చాలానే ఉన్నాయి. కంపెనీ అసలు స్క్రూ కోసం వెతకొచ్చు. అదే మోడల్ పాడైపోయిన రీల్ ఇంకోటి కొని దాన్నుంచి తీసుకోవచ్చు. అదే త్రెడ్, అంటే అవే మరలు, ఉన్న కొత్త స్క్రూ కొనొచ్చు, దాని తలను అరగదీసి పాతదానిలా మార్చుకోవచ్చు, లేతు మీద, అంటే లోహాన్ని తిప్పుతూ చెక్కే యంత్రం మీద, చేయించుకోవచ్చు. ఏదీ కుదరకపోతే రంధ్రాన్నే పెద్దది చేసి కొత్త త్రెడ్ కొట్టొచ్చు. ఏ దారి పట్టినా ఒక లెక్క మరిచిపోకూడదు. స్క్రూ పాడైతే ఇంకోటి వస్తుంది. రీల్ ఒంట్లో ఉన్న రంధ్రం పాడైతే పోయేది రీలే. అందుకే నేను ప్రతి ఎంపికనూ ఒకే ప్రశ్నతో తూస్తాను: దీనివల్ల రంధ్రానికి ఏమైనా అవుతుందా?

ముందు త్రెడ్ ఏదో తేలాలి

కొత్తవాళ్లు ఎక్కువగా చేసే పొరపాటు వ్యాసం ఒక్కటే కొలవడం. సన్నని కొలతలు చూపే వెర్నియర్‌లో దాదాపు 2.8 మి.మీ. చూపించింది కాబట్టి "మూడు ఎంఎం స్క్రూ, కాస్త అరిగింది" అనుకుని తెచ్చేస్తారు. ఆ 2.8 అమెరికన్ 4-40 అనే సైజు కావచ్చు, బ్రిటిష్ అసోసియేషన్ (బీఏ) వరుసలోని 6 బీఏ కూడా కావచ్చు. అసలు గుట్టు పిచ్‌లో ఉంటుంది, అంటే ఒక మరకూ పక్క మరకూ మధ్య దూరంలో.

త్రెడ్‌లకూ పుట్టిన దేశాలుంటాయి. కాబట్టి రీల్ ఎక్కడ తయారైందో చూసుకోవడం సగం పని.

అమెరికన్ రీళ్లలో, అంటే ఫిలడెల్ఫియాలో 1932లో మొదలైన పెన్, ఏక్రన్ ఊరి ఫ్లూగర్, కలమజూ షేక్స్‌పియర్ వంటివాటిలో, నంబరు సైజులతో మొదలుపెట్టాలి. 2-56, 4-40, 6-32 అని రాసినప్పుడు మొదటి అంకె సైజు, రెండోది అంగుళానికి ఎన్ని మరలో చెప్పేది. సున్నా నంబరు వ్యాసం 0.060 అంగుళం, ఆపైన ఒక్కో నంబరుకు 0.013 అంగుళం కలుపుకుంటూ పోవడమే. ఈ చిన్న సూత్రం గుర్తుంటే పట్టిక వెతుక్కోనక్కర్లేదు. అమెరికా, బ్రిటన్, కెనడా కలిసి ఒప్పుకున్న ఏకీకృత త్రెడ్ పద్ధతి 1940ల చివర్లో వచ్చింది. అంతకుముందు రీళ్లలో 4-36 లాంటి, ఇప్పుడు అంగళ్లలో కనపడని సైజులు తగులుతాయి. కొందరు తయారీదారులు పూర్తిగా సొంత సైజులు కూడా పెట్టుకున్నారు.

బ్రిటిష్ రీల్ అయితే, ఆల్నిక్ ఊరి హార్డీ కానివ్వండి మరోటి కానివ్వండి, ముందు బీఏ వరుసను అనుమానించాలి. 1884లో ప్రతిపాదించిన ఈ వరుస చిన్న చిన్న యంత్రాల కోసం పుట్టింది. ఇందులో నంబరు పెరిగేకొద్దీ స్క్రూ చిన్నదవుతుంది. 0 బీఏ వ్యాసం 6 మి.మీ., పిచ్ 1 మి.మీ.; ఆ తర్వాత ఒక్కో నంబరు పిచ్ ముందుదానిలో 0.9 వంతు. అంగుళాలు ఏలిన దేశంలో మిల్లీమీటర్ల మీద కట్టిన వరుస ఎలా వచ్చిందంటే, దీని మూలం స్విట్జర్లాండ్ థ్యూరీ త్రెడ్. మర కోణం కూడా అందరిలా 60 డిగ్రీలు కాదు, 47.5.

ఐరోపా ఖండపు రీళ్లకు మెట్రిక్‌తో మొదలుపెట్టండి. స్వీడన్ అబూ 1921లో పుట్టింది గడియారాల ఫ్యాక్టరీగా, స్వాంగ్‌స్టా అనే ఊళ్లో. రీళ్లు ఆ తర్వాత వచ్చాయి. మిచెల్ రీళ్లు తయారైన ఫ్రాన్స్‌లోని క్లూజ్ కూడా గడియారపు పనివాళ్ల ఊరే. అందుకే అలాంటి రీళ్లలో చిన్న స్క్రూలను చేతిగడియారం స్క్రూ అనుకుని చూడటం మేలు.

జపాన్ రీళ్లలో ఒక ఉచ్చు ఉంది. ఐఎస్‌ఓ అనే అంతర్జాతీయ ప్రమాణానికి మారకముందు అక్కడి ఎం3 (3 మి.మీ. మెట్రిక్ స్క్రూ) పిచ్ 0.6 మి.మీ., ఎం4 పిచ్ 0.75. ఇప్పుడు దొరికే ఎం3 పిచ్ 0.5, ఎం4 పిచ్ 0.7. పేరు ఒకటే, మర వేరు. కొత్త ఎం3 పాత రంధ్రంలో రెండో చుట్టుకే మొరాయిస్తుంది. అది తుప్పేమో అనుకుని ఇంకాస్త బిగించారో, రంధ్రం పోయినట్లే.

ఎక్కువమందిని మోసం చేసే జంటలు ఇవి:

4-40 వ్యాసం 2.84 మి.మీ., పిచ్ 0.635. 6 బీఏ వ్యాసం 2.8, పిచ్ 0.53.
2-56 వ్యాసం 2.18, పిచ్ 0.454. 8 బీఏ వ్యాసం 2.2, పిచ్ 0.43.
3-48 వ్యాసం 2.51, పిచ్ 0.529. ఎం2.5 వ్యాసం 2.5, పిచ్ 0.45.
6-40 వ్యాసం 3.51, పిచ్ 0.635. 4 బీఏ వ్యాసం 3.6, పిచ్ 0.66.

రెండో జంట నన్నొకసారి నిలువునా ముంచింది. ఒక బ్రిటిష్ ఫ్లై రీల్‌కి చేతికందిన 2-56 పెట్టాను. నాలుగు చుట్లు వెన్నలా దిగింది. చుట్టుకు 0.02 మి.మీ. పైచిలుకు తేడా అంటే కంటికి ఆనదు. నాలుగు చుట్లయ్యేసరికి అది 0.1 మి.మీ. దాకా చేరింది, ఐదో చుట్టుకి పట్టేసింది. "ఇంకొక్క పావు చుట్టు" అని నేను చేసిన బలం ఇత్తడి పలకలో మరల్ని చదును చేసేసింది. స్క్రూకి మాత్రం గీత కూడా పడలేదు. ఉక్కు ఇత్తడిని తినేస్తుంది మరి.

పిచ్ కొలవడానికి పిచ్ గేజ్ చాలు, అంటే మరలకు ఆనించి చూసే పళ్లున్న సన్నని ఆకుల గుత్తి. అది 60 డిగ్రీల మెట్రిక్, అంగుళం ఆకులతో ఎక్కువగా వస్తుంది. బ్రిటిష్ రీళ్లు చూసేవాళ్లు బీఏ ఆకులున్నది విడిగా కొనుక్కోవాలి. గేజ్ లేకపోతే స్క్రూను స్కేలు పక్కన పెట్టి దగ్గరగా ఫోటో తీసి, పెద్దది చేసి, 5 మి.మీ. పొడవులో ఎన్ని మరలున్నాయో లెక్కపెట్టండి. 4-40కి ఎనిమిది కాస్త తక్కువ, 6 బీఏకి తొమ్మిదిన్నర, ఎం3కి సరిగ్గా పది. 2-56, 8 బీఏ మధ్య మాత్రం ఈ లెక్క పనికిరాదు, 11కీ 11.6కీ తేడా కంటికి తేలదు. అక్కడ ఆధారం ఒక్కటే: సైజు కచ్చితంగా తెలిసిన స్క్రూను పక్కన ఆనించి మరలో మర కూర్చోబెట్టి, వెలుతురుకు ఎదురుగా పట్టుకుని చూడటం. చివరిదాకా సందు కనపడకుండా కూర్చుంటే అదే. లేదా సైజు తెలిసిన నట్టు తీసుకుని వేళ్లతో ఎక్కించడం. పూర్తిగా పొడవంతా వదులుగా నడవాలి.

స్క్రూ లేనే లేదు, రంధ్రం ఒక్కటే ఉంది అంటే, ముందు పక్క స్క్రూ విప్పి చూడండి. ఒకే సైడ్ ప్లేటు చుట్టూ ఉన్నవి సాధారణంగా ఒకే త్రెడ్, పొడవులే తేడా. రెండు పక్క పలకల్ని కలిపే స్తంభాల్లోకి దిగేవి ఒకలా, పలకను మాత్రమే పట్టుకునేవి ఒకలా ఉంటాయి. రీల్ అడుగు పట్టీకి వాడిన స్క్రూలు ఇంకో త్రెడ్ కావచ్చు. పక్క స్క్రూ కూడా లేకపోతే మెత్తటి చెక్క పుల్ల ఒకటి సన్నగా చెక్కి రంధ్రంలో మెల్లగా తిప్పండి, మరల అచ్చు పుల్ల మీద పడుతుంది, ఆ గీతల్ని లెక్కపెట్టొచ్చు. కాస్త చాదస్తంగా కనిపిస్తుంది, కానీ పనిచేస్తుంది.

విప్పేటప్పుడు ఒక జాగ్రత్త. కొన్ని హ్యాండిళ్లు, రోటర్ నట్లు ఎడమ త్రెడ్‌తో ఉంటాయి. తిరిగే దిశలోనే బిగుసుకోవాలని అలా పెడతారు. కదలకపోతే బలం పెంచేముందు రెండోవైపు కూడా మెల్లగా ప్రయత్నించండి.

దారుల్ని పక్కపక్కన పెడితే

కంపెనీ అసలు స్క్రూ అన్నిటికన్నా మంచిదని ఎవరైనా చెప్తారు. నిజమే, దొరికినప్పుడు. పెన్ లాంటి కంపెనీలు రీల్‌తోపాటు విడిభాగాల బొమ్మ, వాటి నంబర్లు ఇచ్చేవి. ఒకే భాగాన్ని చాలా మోడళ్లలో వాడుకోవడం వాళ్ల అలవాటు. కాబట్టి మీ మోడల్ పేరుతో వెతికి నిరాశపడేకంటే భాగం నంబరుతో వెతకండి. వేరే రీల్ కోసం పెట్టినది మీకు సరిపోవచ్చు. ఈ దారిలో రంధ్రానికి వచ్చే ప్రమాదం దాదాపు లేదు. ఒక్కటే చూసుకోవాలి: ఒకే మోడల్‌లో కూడా కాలం మారేకొద్దీ స్క్రూలు మారి ఉండొచ్చు, కాబట్టి అమ్మేవాళ్లని త్రెడ్, పొడవు అడగండి. "అదే రీల్‌ది" అన్న మాట చాలదు.

పాడైన రీల్ కొనడం ఒకటి కన్నా ఎక్కువ భాగాలు కావాల్సినప్పుడే లాభం. ఒక్క స్క్రూ కోసం రీల్ కొనడమంటే పిచ్చుక మీద బ్రహ్మాస్త్రమే. కానీ ఒకే పూత, ఒకే వయసు, ఒకే అరుగుదల ఉన్న స్క్రూల గుత్తి కావాలంటే ఇంతకన్నా దారి లేదు. ఉప్పు నీళ్లలో వాడిన రీల్ అయితే స్క్రూ బయటికి వచ్చేలోపే తల తెగిపోవచ్చు. ఫోటోలో స్క్రూ చుట్టూ పచ్చటి చిలుమో తెల్లటి పొడో కనిపిస్తే వదిలేయండి.

నా సలహా ఎక్కువమందికి మూడో దారి: త్రెడ్ తేల్చుకుని అదే త్రెడ్ కొత్త స్క్రూ కొనడం. ఇక్కడ తెలుసుకోవాల్సింది ఎక్కడ వెతకాలన్నదే. మామూలు హార్డ్‌వేర్ అంగడిలో ఇంత చిన్నవి ఉండవు. బొమ్మ రైళ్లు కట్టేవాళ్లు 0-80, 1-72, 2-56 స్క్రూలు గుట్టలుగా వాడతారు. చిన్న ఆవిరి ఇంజన్లు చేసే అభిరుచివాళ్ల దగ్గర బీఏ స్క్రూలు ఇప్పటికీ దొరుకుతాయి. తుపాకీ పనివాళ్లకు 6-48 రోజువారీ సరుకు. గడియారం, కళ్లజోడు పనివాళ్ల పెట్టెల్లో చిన్న మెట్రిక్‌లన్నీ ఉంటాయి. రీల్ పేరు చెప్పి అడిగితే లేదంటారు, త్రెడ్ పేరు చెప్పి అడిగితే డబ్బా తీస్తారు.

కొనేటప్పుడు పొడవు కాస్త ఎక్కువున్నదే తీసుకోండి. కోసేముందు నట్టు ఎక్కించి, దాని బయటవైపు కోసి, కొనను సానబట్టి, అప్పుడు నట్టును వెనక్కి విప్పండి. నట్టు బయటికి వస్తూ కోసిన చోట నలిగిన మరల్ని తనే సరిచేస్తుంది. పొడవు కొలిచే పద్ధతిలో ఒక మెలిక ఉంది: గుండ్రటి తల స్క్రూకి తల కింద నుంచి కొలుస్తారు, లోపలికి దిగే చదును తల స్క్రూకి తలతో కలిపి కొలుస్తారు. ఒక మిల్లీమీటరు ఎక్కువైతే స్క్రూ కొన లోపలి స్పూల్ అంచుకో గేరుకో తగులుతుంది. రీల్ బిగించాక హ్యాండిల్ ఒకే చోట రాచుకుంటుంటే మొదట అనుమానించాల్సింది దీన్నే.

తల విషయంలో రాజీ పడొచ్చు, త్రెడ్ విషయంలో పడకూడదు. లోపలికి దిగే తల కోణం అమెరికన్ అంగుళం స్క్రూల్లో మామూలుగా 82 డిగ్రీలు, మెట్రిక్‌లో 90. 82 గుంటలో 90 తల పెడితే పైఅంచు మాత్రమే ఆనుతుంది, తల కొంచెం పైకి నిలబడుతుంది. లోహపు పలకైతే అది అందం సమస్య. బేకలైట్ (పాతకాలపు పెళుసు ప్లాస్టిక్) పలకైతే అసలు సమస్యే. బరువంతా సన్నని అంచు మీద పడి పలక చిట్లుతుంది. డ్రిల్ మెషీన్‌లో స్క్రూను పట్టి తిప్పుతూ తలను ఆకురాయితో కోణానికి దించుకోవచ్చు, ఐదు నిమిషాల పని. గుంటను పెద్దది చేసే ఆలోచన మాత్రం మానుకోండి.

ఇంకో చిన్న సంగతి. ప్లస్ గుర్తు ఆకారపు గాడి, అదే ఫిలిప్స్ తల, పేటెంట్లు 1936 నాటివి. అంతకుముందు తయారైన రీల్ మీద ఆ గాడి ఉన్న స్క్రూ కనిపిస్తే అది తర్వాత ఎవరో పెట్టిందే. అమ్మేవాడు "ఏదీ మార్చలేదు" అంటే నవ్వి ఊరుకోవచ్చు. పాత రీళ్ల గాడి నిలువుగా, సన్నగా ఉంటుంది. వంటింటి సొరుగులో దొరికే స్క్రూడ్రైవర్ కొన కోసుగా ఉండి గాడిలోంచి పైకి జారుతుంది, గాడి అంచులు లేచిపోతాయి. తుపాకీ పనివాళ్లు వాడే, రెండు ముఖాలూ సమాంతరంగా ఉన్న కొనలు కొనుక్కోవడం స్క్రూలు కొనడం కన్నా ముందు జరగాలి.

లేతు మీద చేయించడం ఖరీదైన దారి. దానికి తగిన రీళ్లు కొన్నే. కెంటకీ రీళ్లు అలాంటివి. 19వ శతాబ్దంలో గడియారపు పనివాళ్లే వాటిని ఒక్కొక్కటిగా చేతితో చేశారు. మీక్ వంటి వాళ్ల రీళ్లలో స్క్రూలకీ రంధ్రాలకీ జత గుర్తులు కొట్టి ఉంటాయి. ఏ స్క్రూ ఆ రంధ్రానికే. అలాంటి రీల్‌కి అంగడి స్క్రూ పెట్టే ప్రశ్నే లేదు. విప్పేటప్పుడే అట్టముక్క మీద బొమ్మ గీసుకుని, స్క్రూలను అదే వరుసలో గుచ్చి పెట్టుకోవాలి. ఒకటి పోయి ఉంటే పక్కదాన్ని నమూనాగా ఇచ్చి గడియారం పనివాడి చేత చేయించాలి, నమూనాతో పాటు రీల్‌నీ ఇవ్వాలి.

చివరి దారి, రంధ్రం పెద్దది చేసి కొత్త త్రెడ్ కొట్టడం. దీన్ని ఎంచుకోవాల్సింది రంధ్రం అప్పటికే చచ్చిపోయి ఉంటేనే. "బీఏ దొరకట్లేదు, మెట్రిక్ కొట్టేద్దాం" అనేవాళ్లతో నాకు పొత్తు కుదరదు. తర్వాత ఆ రీల్ చేతుల్లోకి వచ్చే మనిషి త్రెడ్ ఏదో తెలియక మళ్లీ ఇంకోటి కొడతాడు. రంధ్రం చుట్టూ లోహం ఉంటే కంచు లేదా ఇత్తడి బుష్ (గొట్టం లాంటి తొడుగు) పెట్టి, పాత సైజులోనే లోపల త్రెడ్ కొట్టించొచ్చు. పని ఎక్కువ, కానీ రీల్ పాత దారిలోనే ఉంటుంది. బేకలైట్‌లో నేరుగా ట్యాప్ (మరలు కోసే పనిముట్టు) తిప్పడం నేనైతే చేయను.

లోహం

పాత స్క్రూలు చాలావరకు నికెల్ లేదా క్రోమ్ పూసిన ఇత్తడి. కొన్ని జర్మన్ సిల్వర్, అంటే రాగి, నికెల్, జింకుల మిశ్రమం. పేరులో తప్ప అందులో వెండి లేదు. ప్రదర్శనకు ఉంచే రీల్‌కి పాత లోహమే పెట్టాలి, రంగు ఇట్టే పట్టిస్తుంది. స్టెయిన్‌లెస్ చల్లటి తెలుపు, నికెల్‌లో పసుపు ఛాయ ఉంటుంది.

వాడే రీల్‌కి స్టెయిన్‌లెస్ బలమైనది, తుప్పుకి లొంగదు. ఉప్పు నీళ్లయితే 304 కన్నా 316 రకం మేలు. కానీ అల్యూమినియం ఒంట్లో స్టెయిన్‌లెస్ పెడితే ఉప్పు నీటి తడిలో రెండు లోహాల మధ్య విద్యుత్ రసాయన చర్య మొదలవుతుంది, తినబడేది అల్యూమినియం. అలా వచ్చే తెల్లటి పొడి స్క్రూను రంధ్రంలోనే కదలకుండా పట్టేస్తుంది. మరలకు నీళ్లలో కరగని మెరైన్ గ్రీజు రాసి, ఏడాదికోసారి విప్పి మళ్లీ రాస్తే గొడవ ఉండదు. జింకు పూత ఉన్న మామూలు ఉక్కు స్క్రూ మంచినీళ్లకు కూడా వద్దు. పూత గీసుకుపోయిన రోజే తుప్పు మొదలు.

స్క్రూ వదులవకుండా జిగురు రాసే అలవాటు కూడా చూసి చేయాలి. లోహంలో లోహానికి తేలికపాటిది చాలు. పాత ప్లాస్టిక్ భాగాల దగ్గర త్రెడ్ లాకర్ అనే ఈ జిగురు వద్దు, కొన్ని ప్లాస్టిక్‌లను అది చిట్లిస్తుంది. గోళ్ల రంగు ఒక చుక్క అదే పని చేస్తుంది, విప్పాలనుకున్నప్పుడు తేలిగ్గా వదులుతుంది.

ఇక ఏ రీల్‌కి ఏది

వారానికోసారి నీళ్ల దగ్గరికి వెళ్లే పెన్ లాంటి పనిముట్టు రీల్ అయితే భాగం నంబరుతో ఒక పూట వెతకండి, దొరక్కపోతే అదే త్రెడ్ స్టెయిన్‌లెస్ తీసుకోండి, మనసులో ఏ శంకా పెట్టుకోకండి. అబూ, మిచెల్ వంటివి చాలా పెద్ద సంఖ్యలో అమ్ముడయ్యాయి. విడిభాగాల రీళ్లు తేలిగ్గా దొరుకుతాయి కాబట్టి రెండో దారి వీటికి బాగా నప్పుతుంది. బ్రిటిష్ ఫ్లై రీల్‌కి ఇత్తడి బీఏ స్క్రూ కొని తలను చేతితో దించుకోండి. గాడి వెడల్పు కూడా పక్క స్క్రూతో పోల్చుకోండి. పాత జపాన్ రీల్ అయితే పాత పిచ్ దొరికేదాకా ఆగండి, రంధ్రం ఖాళీగా ఉంటే వచ్చే నష్టం తప్పు స్క్రూ కన్నా తక్కువ. సేకరణ కోసం కొన్నదైతే, మార్చిన స్క్రూ ఏదో ఒక కాగితం మీద రాసి రీల్ పెట్టెలో పెట్టండి. పాత స్క్రూ విరిగిపోయినా సరే, ఆ ముక్కను పారేయకండి. దాని మీదున్న నాలుగు మరలే రేపు మీకు కొలత.

కొత్త స్క్రూ చేతికొచ్చాక స్క్రూడ్రైవర్ పక్కన పెట్టి వేళ్లతోనే మొదలుపెట్టండి. రంధ్రంలో నిలబెట్టి ముందు వెనక్కి, అంటే విప్పే దిశలో మెల్లగా తిప్పితే ఒకచోట 'టిక్'మని చిన్నగా కిందికి పడుతుంది. మరలు కలిసిన చోటు అది. అక్కడినుంచి ముందుకు తిప్పండి. చివరి చుట్టు దాకా వేళ్లకే దిగితే అప్పుడు స్క్రూడ్రైవర్ తీసుకుని పావు చుట్టు బిగించండి. మధ్యలో ఎక్కడ పట్టేసినా వెనక్కి విప్పి, మళ్లీ పిచ్ గేజ్ తీయండి.